పాపకి నీళ్ల విరేచనాలు, దానికి తోడు దగ్గు. సెలైన్ పెట్టించాలా?

గోదారిగట్టు
మా పాపకి పద్నాలుగో నెల నడుస్తోంది. మొన్నటి నుంచి నీళ్ల విరేచనాలు. మెడికల్ షాపులో అడిగితే ఆపిల్ రుచి ఉన్న డబ్బా డ్రింకు ఇచ్చి, పిల్లలు ఇదైతే పేచీ పెట్టకుండా తాగుతారన్నాడు. తాగడం తాగింది గానీ విరేచనాలు ఇంకా పల్చబడ్డాయి. నిన్నటి నుంచి దగ్గు, ముక్కు కారడం కూడా మొదలయ్యాయి. పళ్లొస్తున్నాయి కదా, అందుకే అంటారు మా అత్తయ్యగారు. ఆర్‌ఎంపీ గారేమో ఒక సెలైన్ ఎక్కిస్తే పొద్దుటికి లేచి ఆడుకుంటుంది అంటున్నారు. బయట వాన దంచేస్తోంది. పీహెచ్‌సీ పక్క ఊళ్లో. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఏఎన్‌ఎం అక్క
కంగారు పడకమ్మా, ముందు నేనడిగినవి చూసి చెప్పు. పాప తాగుతోందా, తాగించిందల్లా కక్కేస్తోందా? ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోసింది? ఏడిస్తే కన్నీళ్లొస్తున్నాయా? కళ్లు పీక్కుపోయాయా? పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలిపెట్టు. వెంటనే సర్దుకుంటోందా, మడత కాసేపు అలాగే నిలుస్తోందా?

దగ్గు ఉందన్నావు కాబట్టి ఊపిరి కూడా లెక్కపెట్టాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు కాదు. ఒళ్లో ఊరికే ఉన్నప్పుడో నిద్రలో ఉన్నప్పుడో గౌను పైకెత్తి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి వేసుకుంటూ నిమిషం నిండా లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు. చంటిపిల్లల ఊపిరి ఒక తీరున ఉండదు, లెక్క తప్పుతుంది. ఏడాది దాటిన పిల్లలకి 40 గానీ ఆపైన గానీ ఉంటే వేగంగా ఉన్నట్టు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయేమో అదీ చూడు.

గోదారిగట్టు
36 వచ్చింది అక్కా. మళ్లీ చూస్తే 35. డొక్కలు ఎగరేయట్లేదు. చర్మం వెంటనే సర్దుకుంది. కన్నీళ్లు వస్తున్నాయి. కానీ కళ్లు కొంచెం పీక్కుపోయినట్టే ఉన్నాయి, గ్లాసు చూపిస్తే లాక్కుని గటగటా తాగుతోంది. ఉచ్చ సాయంత్రం పోసింది, బాగా పచ్చగా.

పిల్లల డాక్టర్ (విజయవాడ)
ఊపిరి లెక్క బాగానే ఉంది. ఈ పూటకి నెమ్ము (న్యుమోనియా) భయం పెట్టుకోనక్కర్లేదు. కానీ కళ్లు పీక్కుపోవడం, ఆత్రంగా తాగడం రెండూ ఉన్నాయంటే ఒంట్లో నీళ్లు తగ్గాయనే. అలాగని సెలైన్ అవసరం లేదు. తాగగలిగిన పాపకి సూది ఎందుకండీ? ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉందా? డబ్బా డ్రింకు కాదు, పొడి ప్యాకెట్.

గోదారిగట్టు
ఉందండీ. వానాకాలం మొదట్లో ఆశా అక్క ఇంటింటికీ ఇచ్చారు. జింక్ మాత్రలు కూడా ఇచ్చారు, అవి దేనికో అనుకుని బీరువాలో పెట్టాను.

పిల్లల డాక్టర్ (విజయవాడ)
అదే కావాలి. ప్యాకెట్ మీద ఒక లీటరుకి అని ఉంటే, కాచి చల్లార్చిన నీళ్లు సరిగ్గా లీటరు కొలిచి మొత్తం పొడి ఒకేసారి కలిపెయ్యండి. సగం ఇప్పుడు, సగం రేపు అని పొడిని చేత్తో పంచొద్దు. పాలల్లో, జ్యూసుల్లో కలపొద్దు. కలిపాక మళ్లీ కాచొద్దు. రేపు ఇదే టైముకి ఏమైనా మిగిలితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.

పాప బరువు 9 కిలోలు అనుకుంటే, రాబోయే నాలుగు గంటల్లో 650 నుంచి 700 మి.లీ. లోపలికి వెళ్లాలి. కిలోకి 75 మి.లీ. లెక్క. చెంచాతో గానీ చిన్న గిన్నెతో గానీ కొంచెం కొంచెంగా పట్టండి. పాలసీసా వద్దు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా. మధ్యలో తల్లిపాలు అడిగితే ఇవ్వండి. నీళ్లు పుంజుకున్నాక విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. సరిపోతుంది.

జింక్ 20 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, చెంచాడు నీళ్లలోనో పిండిన తల్లిపాలలోనో కరిగించి 14 రోజులు వెయ్యండి. విరేచనాలు కట్టగానే అందరూ దీన్ని ఆపేస్తారు, ఆపొద్దు. ఈ జబ్బు త్వరగా తగ్గడానికే కాదు, తర్వాత రెండు మూడు నెలలు మళ్లీ రాకుండా కూడా అది పనికొస్తుంది. విరేచనాలు కట్టడానికంటూ పెద్దవాళ్లు వేసుకునే మాత్ర ముక్క చేసి వేస్తారు కొందరు. పసిపిల్లల్లో పేగు కదలిక ఆగిపోయి పొట్ట ఉబ్బుతుంది, ప్రాణం మీదకొస్తుంది.

పాప తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, డొక్కలు ఎగరేసినా పొద్దుటిదాకా ఆగొద్దు. వాన అయినా సరే 108కి ఫోన్ చెయ్యండి. ఇవేవీ లేకపోయినా పొద్దున్నే ఒకసారి పీహెచ్‌సీలో చూపించండి.

కరీంనగర్ తమ్ముడు
డాక్టర్ గారూ, మరి డబ్బా డ్రింకు తాగితే విరేచనాలు ఎక్కువెందుకయ్యాయి? దాంట్లోనూ ఉప్పు, చక్కెరే కదా.

పిల్లల డాక్టర్ (విజయవాడ)
రెండూ ఉంటాయి, పాళ్లే తేడా. అసలు ఓఆర్‌ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పు, పొటాషియం, సిట్రేటు అన్నీ కలిపినా పొడి మొత్తం 20.5 గ్రాములు. ఆ డ్రింకుల్లో లీటరుకి వంద గ్రాములు దాటి చక్కెర ఉన్నవి కూడా అమ్మారు. పేగులో అంత తీపి చేరితే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది. జబ్బు చేసిన పేగు కూడా గ్లూకోజు తోడుంటే ఉప్పుని పీల్చుకుంటుంది, ఉప్పు వెనకే నీళ్లు వెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ ఒక్క దారినే. తగిన పాళ్లలో ఉంటేనే. 2002 దాకా వాడిన ఫార్ములాలోనే ఉప్పు, గ్లూకోజు కాస్త ఎక్కువైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించింది. ఇక ఏడెనిమిది రెట్ల తీపి సంగతి మీరే ఆలోచించండి.

సికింద్రాబాద్ సుబ్బారావు
ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మే ఈ డ్రింకుల మీద ఎనిమిదేళ్లు కొట్లాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరేనండీ, డాక్టర్ శివరంజని సంతోష్ గారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డర్ ఇచ్చింది, ఆ ఫార్ములా లేని డ్రింకు దేని మీదా ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని. అంతకుముందు 2022లో అదే సంస్థ, ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద ఒక హెచ్చరిక రాసి అమ్ముకోమంది. విరేచనాల పిల్లని చంకనేసుకుని షాపుకొచ్చిన తల్లి ఆ చిన్న అక్షరాలు చదువుతుందా?

మందులకొట్టు కొండయ్య
మాకొట్టు సంగతి చెబుతా. ఆర్డర్ వచ్చాక పేర్లు మారాయి, డబ్బాలు మారలేదు. జనం వచ్చి "పాతది, ఆ ఆరెంజిది" అని అడుగుతారు. పొడి ప్యాకెట్ మీద మిగిలేది రూపాయో రెండో. డబ్బా మీద మిగిలేది వేరు. కొట్లన్నీ ఎందుకు డబ్బా ముందు పెడతాయో వేరే చెప్పాలా? ఇంకోటి, పొడి కలిపితే ఉప్పగా ఉంటుంది, పిల్లాడు ఉమ్మేశాడని తిరిగి తెచ్చి నా మొహాన పడేసినవాళ్లున్నారు. నిజంగా నీళ్లు తగ్గిన పిల్ల ఆ ఉప్పదనం పట్టించుకోదు. పైన చెల్లెమ్మ చెప్పింది చూడండి, గ్లాసు లాక్కుంటోందని.

విజయనగరం అమ్మమ్మ
మా కాలంలో ఈ ప్యాకెట్లు ఎక్కడివమ్మా. గంజిలో ఉప్పురాయి వేసి పట్టేవాళ్లం, పల్చటి మజ్జిగ పట్టేవాళ్లం, సగ్గుబియ్యం జావ. పిల్లలు బతకలేదా? దగ్గుకైతే స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసి, గోరువెచ్చటి ఆముదం రెండు చుక్కలు ముక్కులో వేసేవాళ్లం. ఇప్పుడు అన్నీ తప్పే అంటారు.

ఏఎన్‌ఎం అక్క
అమ్మమ్మగారూ, గంజి, మజ్జిగ తప్పని ఎవరూ అనరు. అవి ఇప్పటికీ మంచివే, మేమే చెబుతాం. పిల్లకి తిండి ఆపేవాళ్లని చూస్తేనే నాకు కోపం. విరేచనాలని రెండు రోజులు గ్లూకోజు నీళ్లతో పెడతారు, పిల్ల నీరసించి తర్వాత నెమ్ముకి దొరుకుతుంది. మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, అరటిపండు, ఏది తింటే అది పెట్టాలి. తగ్గాక కొన్నాళ్లు రోజూ ఒక పూట ఎక్కువ పెట్టాలి.

ఇక ఆముదం, సాంబ్రాణి మాత్రం నేను ఒప్పుకోను. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడే కూర్చుంటుంది, దానివల్ల వచ్చే నెమ్ము వేరే, మామూలు మందులకి లొంగదు. సాంబ్రాణి గురించి ఒకటి చెప్తాను. కిందటేడు చలికాలంలో ఒక బాలింత ఇంటికి వెళ్లాను. తలుపులు బిగించేశారు, కిటికీకి దుప్పటి కట్టారు. నిప్పుల మీద సాంబ్రాణి, పైన వెదురు బుట్ట బోర్లించి దాని మీద బిడ్డ. గదిలో నాకే కళ్లు మండి దగ్గొచ్చింది. బిడ్డకి రెండో నెల. పొయ్యి ఆ పక్క వసారాలోనే, కట్టెలది, ఆ పొగా ఈ గదిలోకే. ఊపిరి లెక్కపెడితే 64. రెండు నెలల్లోపు పిల్లలకి 60 గానీ ఆపైన గానీ ఉంటే ఇంట్లో ఉంచకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. వాళ్ల నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని "పొగ వెయ్యకపోతే జలుబు దిగుతుందమ్మా" అంటుంది. పొగ ఆపించి, బండి పిలిపించి పంపాను. వాసన కావాలంటే దేవుడి గదిలో వేసుకోండి.

విజయనగరం అమ్మమ్మ
సరేలే తల్లీ, జుట్టు ఆరాలిగా మరి.

ఏఎన్‌ఎం అక్క
పొడి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోద్ది అమ్మమ్మా :)

ఢాకా తెలుగోడు
నేను గార్మెంట్స్ కంపెనీ పని మీద ఢాకాలో ఉంటున్నాను. అమ్మమ్మగారి గంజి మాట చూసి రాస్తున్నా. ఓఆర్‌ఎస్ కథ సగం ఇక్కడిదే. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరానికి చేరిన శరణార్థుల్లో కలరా పడింది. సెలైన్ సీసాలు అయిపోవస్తే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, పక్కనున్న బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. పద్మవిభూషణ్ ఇచ్చింది 2023లో, ఆయన పోయాక.

తర్వాత బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లు ఇంటింటికీ తిరిగి కోటి ఇళ్లు దాటి నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. నాకు నచ్చింది జీతం లెక్క. నేర్పినందుకు కాదు డబ్బులు. కొన్నాళ్లాగి వేరేవాళ్లు వెళ్లి కొందరు తల్లుల్ని అడుగుతారు, కలిపి చూపించమంటారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినామెకి అంత జీతం. మన దగ్గర గోడ మీద బొమ్మ వేసి ఫోటో తీసి పంపితే పని అయిపోయినట్టే.

ఇక్కడ మొహాఖాలీలో కలరా ఆస్పత్రి ఉంది, ఎవర్నడిగినా ఆ పేరే చెబుతారు. వరసగా మడత మంచాలు, మధ్యలో కంత, కింద బకెట్టు. ఎన్ని నీళ్లు పోయాయో బకెట్టులో కొలిచి అన్ని తిరిగి తాగిస్తారు. డబ్బులు తీసుకోరు.

పాడేరు మాస్టారు
ఢాకా సోదరా, ఆ ఆస్పత్రిలోనే షాంపూ సీసాతో ఊపిరి యంత్రం చేశారని చదివాను, నిజమేనా?

ఢాకా తెలుగోడు
నిజమే మాస్టారూ. డాక్టర్ చిశ్తీ అని ఇక్కడివారే. నెమ్ముతో ఆయాసపడే పిల్లలకి పెట్టే యంత్రాలు వేలల్లో, లక్షల్లో ఉంటాయి కదా. ఆయన షాంపూ సీసాలో నీళ్లు పోసి, పిల్లాడు ఊపిరి వదిలే గొట్టం చివర అందులో ముంచారు. ఊపిరి బుడగలుగా బయటికొస్తుంది, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. 2015లో వాళ్లు ప్రచురించిన పరీక్షలో మామూలు గొట్టంతో కొద్దికొద్దిగా ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 15 మంది పోతే, ఈ పద్ధతిలో 4.

పిల్లల డాక్టర్ (విజయవాడ)
అది డాక్టర్లు, నర్సులు దగ్గరుండి కనిపెట్టుకుని చూసే చోట మాట. ఇంట్లో ఎవరూ షాంపూ సీసాలు తీయకండి దయచేసి. పైన కరీంనగర్ తమ్ముడికి బెల్లం సందేహం వస్తుంది, ముందే చెబుతా. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీళ్లకి తలగొట్టిన చెంచాలతో చక్కెర ఆరు, ఉప్పు అర. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

కరీంనగర్ తమ్ముడు
అడగబోయేది అదే సార్ :) ఇంకొక మాట. మా దిక్కు పిల్లగానికి దగ్గు రాంగనే యాంటీబయాటిక్, దగ్గు సిరప్ రెండూ రాస్తరు. మందు వెయ్యకపోతే ఆ డాక్టరుకేమీ రాదు అంటరు జనం. రెండు రోజులు యాంటీబయాటిక్ వేస్తే పోయేదానికి ఈ లెక్కలన్నీ ఎందుకు?

పిల్లల డాక్టర్ (విజయవాడ)
లెక్క ఎందుకంటే ఆ లెక్కతోనే తెలుస్తుంది ఎవరికి యాంటీబయాటిక్ కావాలో. రెండు నుంచి పన్నెండు నెలల పిల్లకి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంత గానీ ఆపైన గానీ ఉంటే అమాక్సిసిలిన్ అవసరం పడొచ్చు, డోసు బరువుని బట్టి డాక్టర్ రాయాలి, చెప్పినన్ని రోజులూ వాడాలి. అంతకంటే తక్కువైతే ఎక్కువ భాగం వైరస్ జలుబే. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ రెండేళ్లలోపు పిల్లల్లో పిల్లికూతలు, ఆయాసం తెప్పిస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆయాసం ఎక్కువైతే కావాల్సింది ఆక్సిజన్, నీళ్లు. పైగా అనవసరంగా వేసిన యాంటీబయాటిక్ వల్లే చాలామంది పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి, మళ్లీ వాటికో సెలైను.

సిరప్ సంగతా? 2022లో గాంబియాలో మన దేశంలో తయారైన సిరప్‌లు తాగి 60 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో మళ్లీ అదే. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసింది. ఆ తర్వాత కేంద్రం కూడా చెప్పింది, రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని. కల్తీ లేని సిరప్ అయినా ఆ వయసులో మేలేమీ లేదు. ఏడాది దాటితే పడుకునే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాదిలోపు తేనె మాత్రం నాకించొద్దు.

నెల్లూరు నాన్న
మా బాబుకి రోటా చుక్కలు వేయించాం, అయినా విరేచనాలు పట్టుకున్నాయి. మరి టీకా ఎందుకు?

ఏఎన్‌ఎం అక్క
అది రోటావైరస్ ఒక్కదానికే నాన్నా. విరేచనాలు తెచ్చే క్రిములు డజన్లున్నాయి. టీకా పడిన పిల్లకి రోటా వచ్చినా ఆస్పత్రి దాకా పోయేంత తీవ్రంగా రావడం తగ్గుతుంది. మన రాష్ట్రానికి అది 2016లోనే వచ్చింది, దేశంలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఏపీ ఒకటి. హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్లు చేసిన రోటావ్యాక్. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేస్తాం. నెమ్ముకి పీసీవీ సూది 2021 నుంచి మా దగ్గర ఉచితం, ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, మళ్లీ తొమ్మిదో నెల. ప్రైవేటులో వేలు పోసి వేయించుకున్నవాళ్లు కూడా తొమ్మిదో నెల డోసు మర్చిపోతారు, కార్డు తీసి చూసుకోండి అందరూ. తట్టు టీకా కూడా ఆ రోజే. తట్టు వచ్చిన పిల్లకి దాని వెనకే విరేచనాలు, నెమ్ము రెండూ వస్తాయి.

పాడేరు మాస్టారు
మీరంతా చెప్పేది బాగుంది. మా దగ్గర కొన్ని ఊళ్లకి బండి పోదు. వాగు పొంగితే పిల్లని తల్లితో సహా డోలీలో మోసుకుని కిందికి దింపాలి. ఊట నీళ్లు ఎండాకాలం బాగుంటాయి, మొదటి వానకి కొండ మీద మురికంతా వాటిలోకే. డొక్కలు ఎగరేస్తుంటే పొట్ట మీద వాతలు పెట్టే పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. వాళ్లని తిడితే ఏం లాభం, దగ్గర్లో ఇంకెవరూ లేరు. ఆశా కార్యకర్త ఉన్న ఊరికి, లేని ఊరికి తేడా నేను కళ్లారా చూస్తున్నాను. ఆమె సంచిలో ప్యాకెట్లు అయిపోతే మళ్లీ వచ్చేదాకా ఎన్నాళ్లు పడుతుందో, ఆ ఊళ్లో పిల్లలకి అదే లెక్క. 2019లో ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు ఏడు లక్షల మందికి పైగా నెమ్ముతో పోయారంటారు. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఊళ్లవాళ్లే అయ్యుంటారు.

గోదారిగట్టు
అందరికీ థాంక్స్ అండీ. రాత్రి చెంచాతో పడుతూ కూర్చున్నాను, తెల్లారేసరికి రెండుసార్లు ఉచ్చ పోసింది. పీహెచ్‌సీలో చూశారు, ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు, జింక్ కొనసాగించమన్నారు. మా అత్తయ్యగారు పళ్ల సంగతి అడిగితే, పళ్లొచ్చేటప్పుడు దురదకి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారమ్మా, విరేచనాలు ఆ మురికివి అన్నారు. ఇంటికొచ్చి బొమ్మలన్నీ కడిగి ఎండలో, అదే, ఫ్యాను కింద పెట్టారావిడ.

నెల్లూరు నాన్న
కార్డు చూశానక్కా. తొమ్మిదో నెల పీసీవీ లేదు. బాబుకి పదకొండో నెల. ఇప్పుడు వేస్తారా?

ఏఎన్‌ఎం అక్క
వేస్తారు, ఏడాది నిండేలోపు తీసుకెళ్లు. బుధవారం, శనివారం టీకాల రోజు. తట్టు సూది పడిందో లేదో అదీ చూసుకో.

మందులకొట్టు కొండయ్య
ఒక సందేహం డాక్టర్ గారూ. లీటరు ప్యాకెట్ ఇస్తే జనం గ్లాసులో సగం పొడి వేసి కలుపుతున్నారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. 200 మి.లీ.వి చిన్న ప్యాకెట్లు తెప్పించి ముందు బల్ల మీద పెడదామనుకుంటున్నా, జింక్ మాత్రలు పక్కన. నయమేనా?

పిల్లల డాక్టర్ (విజయవాడ)
చాలా నయం. ఒక గ్లాసు మీద 200 దగ్గర గీత గీసి పక్కనే పెట్టండి, ఇచ్చేటప్పుడు చూపించండి. మనిళ్లలో గ్లాసు ఒకటి 150, ఇంకోటి 300.